పిల్లనగ్రోవి చెలిమి

వాద్యములన్నింటిలోను మిక్కిలి నిరాడంబరమైనది వేణువు. వీణకు దండియు, కుండయు, తంత్రులును కావలెను. మృదంగమునకు పనసకొయ్యయు, చర్మపు మూతలును కావలెను. వేణువునకు కావలసినది ఒక వెదురుముక్క, దానికి కొన్ని రంధ్రములు. తక్కినదంతయు ఊదువాని ఊపిరియే. దీనిని మురళి యనియు, పిల్లనగ్రోవి యనియు మనవారు పిలుతురు. గ్రోవి యనగా గొట్టము. ఈ పేరు చెవిని పడగానే తెలుగువారికి వేణుగోపాలస్వామి తలపునకు వచ్చును. ఆ స్వామికి గుడి కట్టని గ్రామములు మన సీమలో తక్కువ.

చూచుటకు ఇంత సులభముగా కనబడు ఈ వాద్యము నేర్చుటకు మాత్రము సులభము కాదు. హార్మోనియము మెట్టును పసివాడు నొక్కినను స్వరము పలుకును. వేణువు అట్లు పలుకదు. మొదటిదినమున ఊదినవానికి గాలి చప్పుడు తప్ప మఱేమియు వినబడదు. కొందఱికి మూడవదినమున, కొందఱికి మూడవవారమున నాదము పుట్టును. ఈ నడిమికాలమునందే చాలమంది పిల్లలు విసిగి, దానిని గూటిలో పెట్టి మఱచిపోవుదురు. అట్లు మఱచిపోకుండ వారిని నిలుపునది ఏది? ఈ ప్రశ్నకు సమాధానము నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. మా కర్లపాలెములో నలుగురు పిల్లలు చేసిన పనిని చూచి తెలిసికొన్నది. దానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

కర్లపాలెము బాపట్లకు సమీపమున, రేపల్లెవైపు పోవు దారిలో నున్నది. పూర్వము గుంటూరు జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022వ సంవత్సరమున ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. దక్షిణమున సముద్రము ఎంతో దూరము లేదు. మధ్యాహ్నము తిరిగిన తరువాత సముద్రపుగాలి ఇసుకనేలలమీదుగా ఊరిలోనికి వీచును. వేసవిలో ఆ గాలి తగిలినంతనే ప్రాణము లేచివచ్చును. కాని వేణువు నేర్చువారికి అది శత్రువు. పెదవులనుండి వెడలు ఊపిరి సన్నని ధారయై రంధ్రపు అంచును తాకవలెను. పక్కనుండి మఱియొక గాలి వచ్చి ఆ ధారను చెదరగొట్టినచో నాదము తెగిపోవును. అందుచేత మా పిల్లలు సాయంకాలమున రామాలయపు ఉత్తరపు గోడచాటున కూర్చుండి సాధన చేయుదురు. నేను దినదినము నడకకు పోవు దారి అదియే.

ఆ నలుగురిలో ఒకతె బాలిక. నేను మొదట చూచునప్పటికి తొమ్మిదవ తరగతి చదువుచుండెను. ఒకడు వడ్రంగి కొడుకు. మఱియొకని తండ్రి నిజాంపట్నము రేవునుండి వేటకు పోవు పడవపై పనిచేయును. నాలుగవవాడు అందఱిలో చిన్నవాడు; వాని తలిదండ్రులు ఇండ్లు కట్టుచోట కూలిపని చేయుదురు. మూడేండ్ల క్రిందట శివరాత్రికి వీరి ఇండ్లవారు కోటప్పకొండ తిరునాళ్లకు పోయిరి. అచ్చట గడకఱ్ఱకు గుత్తులుగా కట్టి అమ్ముచున్న పిల్లనగ్రోవులను పిల్లలు తలయొకటి కొనుక్కొనిరి. ఊరు చేరిన మఱునాడే కలిసి వాయింపవలెనని కూర్చుండిరి.

నలుగురును ఒక్కమాఱుగా ఊదిరి. నాలుగు వేణువులనుండి నాలుగు విధములైన ధ్వనులు వచ్చినవి. ఒకని షడ్జము వేఱొకని షడ్జముతో కలియలేదు. గుడి అరుగుమీద కూర్చున్న ముసలివారు, “పిల్లలూ, కాకులన్నీ లేచిపోయాయిరా, ఇక ఆపండి” అని నవ్విరి. పిల్లలు తమ అసమర్థత వలననే అట్లు జరిగినదని అనుకొనిరి. నిజమునకు దోషము వారిది కాదు. తిరునాళ్లలో అమ్మునవి ఆటవస్తువులు. అవి శ్రుతిచూచి చేసినవి కావు.

శ్రుతి యనగా నేమో కొంచెము చెప్పవలెను. వేణువులో మ్రోగునది వెదురు కాదు, దానిలోని గాలి. ముఖరంధ్రపు అంచును తాకిన ఊపిరి గొట్టములోని గాలిని కదలించును. ఆ గాలివరుస పొడవైనచో స్వరము మంద్రముగాను, పొట్టిదైనచో హెచ్చుగాను పలుకును. వ్రేళ్లతో రంధ్రములను మూసి తెఱచుట యనగా, ఆ గాలివరుసను పొడిగించి తగ్గించుటయే. కనుక రెండు వేణువులు కలిసి పలుకవలెనన్నచో వాని పొడవును, లోపలి బోలును, రంధ్రముల తావులును ఒకే కొలతకు కుదురవలెను. కర్ణాటక సంగీతమున వాడు వేణువునకు ముఖరంధ్రము కాక ఎనిమిది రంధ్రము లుండును. అందు ముఖరంధ్రమునకు దగ్గరగా నున్న మొదటి రెండింటిని మూసి ఊదినచో షడ్జము పలుకును. అన్నియు సరిగా కుదిరినను చలికాలపు ఉదయమున వేణువు శ్రుతి కొంత తగ్గును. లోపలి గాలి వెచ్చబడినకొలది హెచ్చును. అందుచేతనే విద్వాంసులు కచేరీకి ముందు కొంతసేపు ఊది వేణువును వెచ్చజేసికొందురు.

ఈ సంగతులను మా పిల్లలకు తెలిపినవారు బాపట్లలో నున్న ఒక వృద్ధ వేణువిద్వాంసులు. బాలిక ప్రతి ఆదివారమును తండ్రితో వారి యింటికి పోయి పాఠము చెప్పించుకొనుచుండెను. తక్కిన ముగ్గురికి బస్సు ఖర్చులు పెట్టుకొని పోవు వీలులేదు. “నేను నేర్చుకున్నది వాళ్లకు చెప్పవచ్చునా అండీ?” అని ఆమె గురువుగారి నడిగెను. “చెప్పు. కాని నువ్వు తప్పు చెబితే ముగ్గురూ తప్పు నేర్చుకుంటారు. అందుకని నువ్వు ఇంకా బాగా నేర్చుకో” అని ఆయన అనెను. ఆయనయే శ్రుతి కుదిరిన మంచి వేణువునొకదానిని తెప్పించి పెట్టెను. దాని వెలను నలుగురును చందా వేసికొని, నాలుగు నెలలలో తీర్చిరి.

ఇట్లు నలుగురికిని కలిపి ఒక్క వేణువు ఏర్పడినది. ఒక్కొక్కరికి పావుగంట వంతు. వంతు ముగిసినవాడు ముఖరంధ్రమును శుభ్రమైన గుడ్డతో తుడిచి తరువాతివానికి ఈయవలెను. ఒకడు ఊదునప్పుడు ముగ్గురికి వేఱు పనిలేదు. వినవలెను, తాళము వేయవలెను. పేదఱికము వలన ఏర్పడిన ఈ నియమమే వారికి మేలు చేసినది. ఊదువాడు తన వేణువును సరిగా వినలేడు. వాని మనస్సు పెదవులమీదను, వ్రేళ్లమీదను, ఊపిరిమీదను పంచబడియుండును. ఎదుట కూర్చున్నవాని చెవికి తప్పు వెంటనే తెలియును. అద్దము లేక మన ముఖమును మనము చూచుకొనలేము గదా! వేణువు నేర్చువానికి తోడివాని చెవియే అద్దము.

సరళీవరుసలను మాయామాళవగౌళ రాగమున నేర్పుట మన సంప్రదాయము. అందలి శుద్ధరిషభమును వేణువుమీద పలికించుటకు రంధ్రమును పూర్తిగా మూయక, పూర్తిగా తెఱువక, కొంతమేర మాత్రము కప్పవలెను. ఎంతమేర అనునది కన్ను చెప్పలేదు, చెవి చెప్పవలసినదే. ఒక సాయంకాలమున చిన్నవాడు ఈ ఒక్క స్వరముకొఱకు తన పావుగంటయంతయు వెచ్చించుట చూచితిని. ముగ్గురును “ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ అక్కడ!” అని ఒక్కసారిగా కేకవేసిరి. వాని ముఖమున వెలిగిన సంతోషము నేను చాల పరీక్షల ఫలితములు ప్రకటించిన దినములలో కూడ చూడలేదు.

వంతులు మఱచిపోకుండుటకు వారొక నోటుపుస్తకము పెట్టుకొనిరి. మొదట అందులో పేర్లును వేళలును మాత్రమే యుండెడివి. రానురాను ఎవరికి తోచినది వారు వ్రాయసాగిరి. ఆ పుస్తకమును వారు నాకు చూపిరి. అందలి మాటలు కొన్ని ఇట్లున్నవి: “ఈ రోజు పై షడ్జం పలికింది, కాని పిల్లి అరిచినట్టు పలికింది.” “వాడు ఊదేటప్పుడు భుజాలు లేస్తున్నాయి. పొట్టలోంచి ఊపిరి తీయాలి.” “తాళం వేస్తూ నిద్రపోయాను. ఎవరూ చూడలేదనుకుంటాను.” దాని క్రింద మఱియొక చేతివ్రాత: “అందరం చూశాం.” వెదురు పగులకుండ ఎండతగలని చోట పెట్టవలెననియు, అప్పుడప్పుడు నూనె రాయవలెననియు వడ్రంగి కొడుకు ఒక పుటనిండ వ్రాసెను. ఒకమాఱు వేణువు అంచున సన్నని బీట కనబడగా, గట్టి దారమును వరుసగా బిగించిచుట్టి దానిని రక్షించినవాడును అతడే.

నాకు సంగీతము రాదు. కాని తెలుగు వచ్చును. కొంతకాలమునకు వారు త్యాగరాజకీర్తన నేర్చుట కారంభించినప్పుడు నా పని పడినది. వేణువునకు మాటలు లేవు. అయినను మాటలు తెలియనివాడు కీర్తనను చక్కగా ఊదలేడు. ఏల యనగా, ఊదువాడు నడుమనడుమ ఊపిరి పీల్చుకొనక తప్పదు. ఎచ్చట పీల్చుకొనవలెను? పదము ముగిసినచోట పీల్చుకొన్నచో విన్నవానికి విరుపు తెలియదు. పదము నడుమ పీల్చుకొన్నచో, పాట తెలిసినవారికి ఆ పదము రెండుగా చీలినట్లు తోచును. పద్యమును చదువునప్పుడు ఎచ్చట ఆపవలెనో మీకు తరగతిలో చెప్పుదురు గదా, ఇదియు అట్టిదే. నేను కీర్తనను పదవిభాగము చేసి, అర్థము చెప్పి, ఊపిరి పీల్చుకొను తావులలో చిన్నగీతలు గీసి ఇచ్చితిని. తెలుగు మాతృభాష కాని విద్వాంసులు ఎందఱో ఈ సాహిత్యమును కష్టపడి నేర్చుకొని ఊదుచుండగా, తల్లిభాషలోనే కీర్తనలు లభించిన మన పిల్లలు వాని అర్థము తెలియక ఊదుట తగదు.

విద్యను ఇట్లు కలిసి నేర్చుకొనుట మన దేశమునకు క్రొత్త కాదు. త్యాగరాజస్వామి శిష్యులలో మానంబుచావడి వేంకటసుబ్బయ్య యను తెలుగువిద్వాంసు డుండెను. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారు విజయవాడలో ఎందఱో పిల్లలకు సంగీతము నేర్పిరి. 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ గురుకులమున పెరిగినవాడే. ఆయన తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించెడివారు. 2021లో పద్మశ్రీ పురస్కారము పొందిన వాయులీనవిద్వాంసులు అన్నవరపు రామస్వామియు పంతులుగారి శిష్యులే. ఒకే గురువువద్ద ఒకడు పాట, ఒకడు వాయులీనము సాధన చేయుచుండగా, ఒకని పాఠము మఱియొకని చెవిని పడకుండునా? గురువు నోటినుండి నేర్చునది సగమైనచో, తోడివాని సాధన వినుటచే నేర్చునది తక్కిన సగము.

ఆ వేంకటసుబ్బయ్యగారి శిష్యవర్గముననే కుంభకోణమునకు చెందిన శరభశాస్త్రి (1872–1904) కూడ ఉండెను. చిన్ననాడే ఆయనకు చూపు పోయినది. లోకమును చెవితోనే చూచిన ఆ మహనీయుడు, కచేరీలో వేణువు ఒంటిగా ప్రధానస్థానమున కూర్చుండదగినదని నిరూపించెను. ఆయన జీవించినది ముప్పదిరెండేండ్లే. అయినను పల్లడం సంజీవరావు మొదలగు శిష్యులద్వారా ఆయన విద్య నిలిచినది. ఆ తరువాత మాలి యని ప్రసిద్ధి చెందిన టి. ఆర్. మహాలింగము (1926–1986) ఏడేండ్ల వయస్సున, 1933లో మద్రాసు మైలాపూరున కచేరీచేసి పెద్దలను ఆశ్చర్యపఱచెను. మనుష్యకంఠము పలికించు గమకములను వేణువుమీద పలికించుటకు ఆయన వ్రేళ్లను, పెదవులను వాడు పద్ధతినే మార్చెను. ఆయన శిష్యుడు ఎన్. రమణి (1934–2015) ఆ మార్గమును దేశదేశములకు కొనిపోయెను. సిక్కిల్ సోదరీమణులుగా పేరుపొందిన కుంజుమణి, నీల యను అక్కచెల్లెండ్రు జంటగా వేణువు ఊదిరి. వారిరువురికిని కలిపి 2002లో సంగీతకళానిధి బిరుదము లభించినది. రెండు ఊపిరులు ఒక్కటిగా వినబడుటకు ఒకరినొకరు ఎంతగా వినియుండవలెనో ఆలోచింపుడు.

మన సీమవాడే యగు షేక్ చినమౌలానా సంగతియు చెప్పవలెను. ఒంగోలు సమీపమున కరవదిలో 1924లో జన్మించిన ఆయన వాద్యము నాదస్వరము. అదియు ఊపిరితో పలుకునదే. వంశపారంపర్యముగా వచ్చిన విద్య చేతిలో నున్నను, తంజావూరు బాణీ నేర్వవలెనన్న కోరికతో ఆయన నాచ్చియార్‌కోవిల్ విద్వాంసులను ఆశ్రయించెను. తరువాత శ్రీరంగమున నివాస మేర్పఱచుకొని, శిష్యులను తీర్చిదిద్దెను. 1977లో పద్మశ్రీయు, 1998లో సంగీతకళానిధి బిరుదమును ఆయనను వరించినవి. ఇంత విద్వాంసుడును మఱియొకని వాద్యమును వినుటకు దూరదేశము పోయెను. వినుట వలన తన గౌరవము తగ్గునని ఆయన తలపలేదు.

ఇక మా పిల్లల కథకు వత్తము. పడవపై పనిచేయు తండ్రికి కొడుకు సాధన మొదట నచ్చలేదు. ఒకనాడు దారిలో నన్ను నిలిపి, “మాస్టారూ, మావాడు ఈ గొట్టం ఊదుకుంటూ కూర్చుంటే రేపు కూడు పెడుతుందా అండీ?” అని యడిగెను. అది న్యాయమైన ప్రశ్న. దానిని తేలికగా త్రోసివేయుట తగదు. వేణువు నమ్ముకొని బ్రతుకువారు ఉన్నారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948లో ప్రారంభమైనది మొదలు ఎందఱో వాద్యకారులకు అది ఆశ్రయమైనది. సినిమాలలోను, నృత్యప్రదర్శనలలోను వేణువునకు స్థానమున్నది. కాని నేర్చిన ప్రతివానికిని అట్టి అవకాశము లభింపదు. ఈ మాటనే చెప్పి, “కూడు పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. కాని నలుగురితో కలిసి ఒక పని సరిగా చేయడం నేర్పుతోంది. అది ఏ పనికైనా పనికివస్తుంది” అంటిని.

అతడు కొంతసేపు ఊరకుండెను. తరువాత, “వల ఒక్కడు లాగితే రాదండీ. అందరూ ఒక్క ఊపులో లాగాలి. ఒకడు ముందు లాగినా, ఒకడు వెనక లాగినా చేపలు పోతాయి. వీళ్లు చేసేది అదేనన్నమాట” అనెను. సంగీతశాస్త్రము చదువని ఆ మనుష్యుడు లయ యనగా నేమో నాకంటె చక్కగా చెప్పెను. చదువు తగ్గకూడదని కొడుకునకు నియమము పెట్టెను గాని, సాధన మాన్పింపలేదు.

మఱుసటి సంవత్సరము జిల్లాస్థాయి బాలల సంగీతపోటీలు వచ్చినవి. పాఠశాలకు ఒక్కరినే పంపవలెను. బాలిక ఎన్నికయ్యెను. పడవవాని కొడుకునకు ఇది కష్టము తోచినది. ఊపిరి నిలుపుటలో అతడు ఆమెకంటె గట్టివాడు. ఆ సంగతి అందఱును ఎఱుగుదురు. మఱునాటినుండి అతడు రామాలయమువద్దకు వచ్చుట మానెను. పుస్తకములో అతని వరుస ఖాళీగా నుండెను. ఒకదినము కాదు, తొమ్మిదిదినములు అట్లే గడచినవి. ఎవరును పోయి అతనిని బతిమాలలేదు, నేనును కలుగజేసికొనలేదు. బాలిక మాత్రము తొమ్మిదవనాడు తన వరుసలో ఇట్లు వ్రాసెను: “పంచమం దగ్గర నాకు ఏదో తప్పు పోతోంది. ఏమిటో తెలియడం లేదు. చెప్పేవాడు రావడం లేదు.”

ఆ పుస్తకము ఎప్పటివలె గుడి గూటిలోనే యుండెను. మఱునాడు వారు తెఱచి చూచునప్పటికి, అతని ఖాళీ వరుసలో క్రొత్త వ్రాత కనబడినది: “తప్పు పంచమం దగ్గర కాదు. దానిపై ధైవతం దగ్గర. నీ వేలు పూర్తిగా లేవడం లేదు. మా ఇంటికి రోజూ వినిపిస్తూనే ఉంది.” అతని యిల్లు గుడివెనుక వీధిలో నున్నది. అనగా ఆ తొమ్మిది సాయంకాలములును అతడు తలుపుచాటున కూర్చుండి వినుచునే యుండెను. కోపముచే కాళ్లు రాలేదు గాని, చెవులు రాక మానలేదు. ఆ సాయంకాలమున అతడు వచ్చి ఏమియు జరుగనట్లు తాళము వేయసాగెను. బాలిక వ్రేలిని పూర్తిగా ఎత్తి ఊదెను. ధైవతము కుదిరినది.

పోటీలో ఆమెకు మొదటి బహుమతి రాలేదు. అయినను ఆమె వట్టిచేతులతో తిరిగిరాలేదు. ఇతర గ్రామములనుండి వచ్చిన పిల్లలు ఎట్లు కూర్చుండిరో, ఎట్లు ఊపిరి పీల్చిరో, ఏ కీర్తనను ఏ వేగమున ఊదిరో మూడు పుటలు వ్రాసికొని వచ్చెను. వారిలో ఒకనివద్ద నేర్చిన చిటికెను ఆ రాత్రియే ముగ్గురికిని చూపెను. పోటీ అనునది ఒకని పైకెత్తి తక్కినవారిని క్రిందికి దింపునదిగా మొదట కనబడెను. ఈ పిల్లలు దానిని నలుగురికి పాఠముగా మార్చుకొనిరి.

కిందటి ఏడు చిన్నవాని తలిదండ్రులు పనికొఱకు హైదరాబాదునకు తరలిపోయిరి. పోవునప్పుడు ఏ వేణువు వానికి ఈయవలెనను ప్రశ్న వచ్చినది. అప్పటికి వారివద్ద శ్రుతి కుదిరినవి రెండు వేణువు లుండెను. క్రొత్తదానిని ముగ్గురును వానికే యిచ్చి, దారము చుట్టిన పాతదానిని తాము ఉంచుకొనిరి. ఇప్పుడు వాడు కట్టుచున్న మేడలో, గోడలు మాత్రమే లేచిన గదిలో కూర్చుండి సాధన చేయును. తల్లి ఫోనులో దానిని పట్టి పంపును. సాయంకాలమున ముగ్గురును గోడచాటున ఫోను నడుమ పెట్టుకొని విందురు. తప్పులు చెప్పుదురు, తమ సాధనను వానికి పంపుదురు. సున్నము పూయని గోడలనడుమ వాని నాదము గుయ్యుమని మ్రోగును. ఒకనాడు ఆ నాదమును విని పడవవాని కొడుకు, “వీడు మనకంటె ముందు పోతున్నాడు” అనెను. ఆ మాటలో అసూయ లేదు. ఏడాది క్రిందట పోటీ పేరు వినగానే తలుపు మూసికొన్నవాడు అతడే యని తలచినప్పుడు, ఆ పిల్లవాడు స్వరములకంటె గొప్పదియగు విద్య నొకటి నేర్చినాడని నాకు తోచినది.

బాలబాలికలారా! మీలో అందఱును వేణువు నేర్వకపోవచ్చును. ఒకరు చిత్రలేఖనము, ఒకరు గణితము, ఒకరు ఆటలు అభ్యసింపవచ్చును. ఏ విద్యయైనను మొదట కొంతకాలము పలుకక మొరాయించును. ఆ దినములలో ఒంటరిగా నున్నవాడు తనకు తెలివి లేదని తలచి విడిచిపెట్టును. పక్కన తోడివాడు ఒకడున్నచో, “నాకును నిన్నటివఱకు పలుకలేదు” అను ఒక్కమాట వానిని నిలువబెట్టును. మీ తప్పును మీ మేలుకోరి చెప్పు స్నేహితుని సంపాదించుకొనుడు. అంతకంటె ముందుగా, ఇతరులు సాధన చేయునప్పుడు ఓర్పుతో వినువారు కండు. నిండుగా నున్న వెదురుబొంగు పలుకదు. లోపల కొంత చోటున్నదియే వేణువగును. తోడివాని నాదమునకు మన మనస్సులో చోటిచ్చుటయు అట్టిదే.